లాంతరు ఖరీదు తొమ్మిది

ఓడిపోయిన ముగ్గురు ఒక గదిలో కూర్చుని, తమను ఓడించిన కార్డు ఖరీదు ఎంత ఉండాలో తామే నిర్ణయిస్తే, ఆ పనిని ఏమని పిలవాలి?

ఈ ప్రశ్నను నేను సమావేశాల్లో మూడుసార్లు అడిగాను. మొదటిసారి అధ్యక్షులవారు దగ్గారు. రెండోసారి డెంటిస్టు గారు లేచి వెళ్లి కిటికీ మూశారు, బయట గాలి కూడా లేని రోజున. మూడోసారి మినిట్స్ పుస్తకంలో "సభ్యురాలు మాట్లాడారు" అని రాసుకున్నారు. ఏం మాట్లాడిందో రాసుకోలేదు. జవాబు నేటివరకూ లేదు.

అంతమాత్రాన నన్ను బ్యాలెన్స్ కమిటీకి వ్యతిరేకినని అనుకునేరు. ఎంత మాట! మానవజాతి ముందుగా నిప్పును కనిపెట్టింది, తరువాత చక్రాన్ని, ఆ తరువాత బ్యాలెన్స్ కమిటీని. మొదటి రెండింటి వల్ల కలిగిన అనర్థాలు మీకు తెలుసు. మూడోదాని వల్ల మేలు తప్ప మరేదీ జరగలేదని ఇవాళ నిరూపించబోతున్నాను.

ఈ వారపత్రిక చదివేవారిలో చాలామంది మా శనివారం పోటీలో ఆడేవారే. ఆడనివారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను.

పఠన మందిరం మేడ మీది హాలులో పదహారు జట్లు ఆడుతున్నాయి. జట్టుకు ముగ్గురు. ఒక్కొక్కరి చేతిలో ఇరవై కార్డుల కట్ట. దాన్ని డెక్ అనాలట, అందాం. ప్రతి కార్డు మూలనా దాని ఖరీదు అచ్చువేసి ఉంటుంది, ఒక పాయింటు నుంచి పన్నెండు పాయింట్ల దాకా. ముగ్గురి డెక్‌లూ కలిపి నూట ఇరవై పాయింట్లు దాటకూడదు. ఇదీ బడ్జెట్. ఎవరి బడ్జెట్ వారిదైతే గొడవ లేదు. జట్టు మొత్తానికీ ఒకటే కావడంతో, ఒకరి డెక్‌లో సింహం గర్జించాలంటే మరొకరి డెక్‌లో ఎలుకలు తిరగాలి. మనుషులను కలపడానికీ, విడగొట్టడానికీ ఇంతకంటే చౌకైన సాధనం నేనెక్కడా చూడలేదు.

ప్రతి శనివారం ఆట అయ్యాక కమిటీ కూర్చుంటుంది. ఏ కార్డు ఎక్కువగా గెలిపిస్తోందో లెక్క చూసి దాని ఖరీదు పెంచుతుంది. అధ్యక్షులవారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విరమించారు. ఊరంతా ఆయనను త్రాసుగారు అంటుంది, ఆయన వెనుక మాత్రమే. మిగిలిన ఇద్దరూ డెంటిస్టు గారు, డ్రైవింగ్ స్కూలు యజమాని. ముగ్గురూ పోటీలో ఆడతారు కూడా. ఆడుతూ తీర్పు చెప్పడం కష్టం కదా అని మీరు జాలిపడవచ్చు. వారికి ఏ కష్టమూ లేదు, నేను అడిగి తెలుసుకున్నాను.

ఎంత గొప్ప ఆలోచన ఇది! గెలిపించేదాన్ని ఖరీదు చేయడం! దీన్ని కార్డులకే పరిమితం చేయడం అన్యాయమని నా ఉద్దేశం.

రోజూ వేళకు వచ్చే బస్సు ఒకటి ఉంటుంది చూడండి, ఆ ఒక్క బస్సు వల్ల మిగిలిన బస్సులన్నీ మొహం చెల్లక తిరుగుతున్నాయి. దాని వెనుక సీటు మీద నాలుగు ఇసుక బస్తాలు పడేస్తే ఎంత సమతుల్యం! తరగతిలో ఎప్పుడూ మొదట లెక్క చేసే పిల్ల ఒకతె ఉంటుంది. ఆ పిల్లకు మొద్దుబారిన పెన్సిలు ఇవ్వాలి. అప్పటికీ ముందే చేస్తే పెన్సిలు తీసేసుకోవాలి. డెంటిస్టు గారు నొప్పి తెలియకుండా పన్ను పీకుతారని పేరు. పక్క వీధి డెంటిస్టుకు ఇది ఎంత అన్యాయం! సోమ, బుధ, శుక్రవారాల్లో ఎడమ చేత్తో పీకమని వారిని ఆదేశించాలి. డ్రైవింగ్ స్కూలులో నేర్చినవారందరూ మొదటి పరీక్షలోనే పాస్ అవుతున్నారని బోర్డు మీద రాసి ఉంది. ఆ కార్లకు బ్రేకు తీసి రెండో హారన్ బిగిస్తే శాతం దానంతటదే దిగివస్తుంది.

ఈ సూచనలు రాతపూర్వకంగా ఇచ్చాను. "సభ్యురాలు కాగితం ఇచ్చారు" అని రాసుకున్నారు.

ఇక కమిటీ చేసిన మేలు గురించి. మా జట్టు సంగతి తీసుకోండి. నేనూ, మా చెల్లెలి కొడుకూ, మా ఆడపడుచూ. చెల్లెలి కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. పైకి వెళ్లినది కిందికి దిగే తీరుతుందని గట్టిగా నమ్మే మనిషి కనుక పోటీ ఆటలకు తగినవాడు. మా ఆడపడుచుకు అరవై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు మందుల షాపులో కాంపౌండరు. చుక్కలు లెక్కపెట్టి సీసాలో పోసేదంటే, పదిహేను అంటే పదిహేనే, పదహారో చుక్క గొట్టం అంచున ఆగి ఆమె అనుమతి కోసం చూసేది.

రెండేళ్ల కిందట ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట సంతకం చెడింది. తరువాత ఒక పేరంటానికి వెళ్లినప్పుడు సాసరు మీద కప్పు గలగల మోగింది. ఆ గదిలో అందరూ మాట్లాడటం మానేసి, వినపడనట్టు ముఖాలు పెట్టారు. ఆ మర్యాద ఆమెను చంపినంత పని చేసింది. ఆ తరువాత పద్నాలుగు నెలలు గడప దాటలేదు. అడిగితే "ఎండగా ఉంది వదినా" అనేది. వానాకాలంలోనూ ఎండగానే ఉండేది.

ఆమెను మళ్లీ మెట్లెక్కించినది ఈ ఆట. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఈ ఆటలోని ఒక పాయింటు కార్డు.

మా ఆటలో ఒక కఠినమైన నియమం ఉంది. చేజారి వెల్లకిలా పడిన కార్డు ఆడిన కార్డు కిందే లెక్క. వెనక్కి తీసుకోకూడదు. చెయ్యి వణికే మనిషికి ఈ నియమం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అయితే పెట్టె అడుగున ఎవరూ ముట్టని కార్డు ఒకటి ఉంది. లాంతరు. ఖరీదు ఒక్క పాయింటు. దాన్ని బల్ల మీద పెడితే, వెలుగులోకి వచ్చిన మీ కార్డును ఒక్కసారి తిరిగి చేతిలోకి తీసుకోవచ్చు. చేతులు స్థిరంగా ఉన్నవారికి దానితో పనేముంది? పదహారు జట్లలో పదిహేను దానివైపు కన్నెత్తి చూడలేదు. మా ఆడపడుచు పెట్టె అంతా వెతికి మూడు లాంతర్లు ఏరుకుంది. మొత్తం మూడు పాయింట్లు. ఆ రోజు ఆమె మొహం చూసి ఉంటే మీరూ పద్నాలుగు నెలల ఎండను క్షమించేవారు.

మొదటి శనివారం డ్రైవింగ్ స్కూలు జట్టుతో ఆడాం, గెలిచాం. కమిటీ లాంతరును ఒకటి నుంచి మూడుకు పెంచింది. రెండో శనివారం డెంటిస్టు గారి జట్టు మీద గెలిచాం. మూడు నుంచి అయిదు. మూడో శనివారం త్రాసుగారి జట్టు. ఆ ఆట గురించి కాస్త చెప్పాలి.

మా ఆడపడుచు ఎదురుగా సాక్షాత్తూ త్రాసుగారే కూర్చున్నారు. సగం ఆటలో ఆమె చేతిలోంచి ఒక కార్డు జారి బల్ల మీద వెల్లకిలా పడింది. వరద! పన్నెండు పాయింట్ల కార్డు. త్రాసుగారు కంగారుపడి, దాచుకున్న రెండు గోడ కార్డులూ అడ్డుపెట్టేశారు. గోడలు లేచాక ఈమె నింపాదిగా లాంతరు పెట్టి, వరదను మళ్లీ చేతిలోకి తీసుకుంది. పై వంతులో అదే వరదను మళ్లీ దింపింది. గోడలు అయిపోయాయి. త్రాసుగారు మునిగిపోయారు.

"ఏవండీ, ఒక్క మాట. ఇందాక ఆ కార్డు చెయ్యి వణికి పడిందా, కావాలని పడేశారా?" అన్నారాయన.

"నాకూ తెలీదండీ. తెలిస్తే ఆపేదాన్ని కదా!"

"అదేం జవాబండీ?"

"మీరు నా చెయ్యి చూస్తూ కూర్చున్నారు. ఆటలో కార్డులు చూడాలి."

పక్కన కూర్చున్న మా లిఫ్టు మెకానిక్ కిసుక్కున నవ్వాడు. నేను మందలించాను. నవ్వాల్సింది ఇంటికి వెళ్లాక.

ఇంటికి వెళ్లాక నేనూ అడిగాను. "నిజం చెప్పమ్మా, వరద ఎలా పడింది?"

"మొదటి వారం అన్నీ పడ్డాయి వదినా. ఇది మాత్రం... పడనిచ్చాను."

రెండేళ్లుగా ఆ చేతిని చీర కొంగు కింద దాచుకుని తిరిగిన మనిషి, ఆ మాట అంటూ చెయ్యి బయటపెట్టి దాన్నే చూసుకుని నవ్వింది. కనుక లాంతరు బలమైన కార్డేనని నేను ఒప్పుకుంటాను. అబద్ధమాడవలసిన అవసరం నాకు లేదు. ఆ చేతిలో అది బలమైనదే.

కమిటీ అయిదు నుంచి ఏడుకు పెంచింది. తీర్మానం మీద మూడు సంతకాలు. మొదటి వారం కమిటీలో ఒక్కరే మా చేతిలో ఓడినవారు. మూడో వారానికి ముగ్గురూ ఆ అర్హత సంపాదించారు.

బడ్జెట్ గొప్పతనం అప్పుడు తెలిసింది. మూడు లాంతర్లకు ఇరవై ఒకటి! నా డెక్‌లోంచి పది పాయింట్ల వంతెన తీసి ఎలుకను పెట్టాను. మెకానిక్ తన ఉక్కుకోట తీసి ఇంకో ఎలుకను పెట్టాడు. నాలుగో శనివారం పోస్టాఫీసు జట్టు మీద ఎలుకలతోనే ఎలాగో గట్టెక్కాం. ఫలితంగా లాంతరు తొమ్మిది అయింది. మూడు పాయింట్లతో మొదలైనవాళ్లం వచ్చే శనివారం ఇరవై ఏడు పెట్టాలి. అంటే సింహం కూడా పోవాలి.

ఇక్కడ కమిటీ దయాగుణాన్ని చెప్పకపోతే నన్ను కృతఘ్నురాలంటారు. వారు మా ఆడపడుచుకు ఒక ప్రత్యేక మినహాయింపు ప్రతిపాదించారు. ఆమె లాంతరు వాడకూడదు. దానికి బదులు వారం వారం డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి, అందులో వణుకు ఎంత శాతమో రాయించుకువస్తే, పడిన కార్డును ఉచితంగా తీసుకోనిస్తారు. శాతం! ఇరవై శాతం వణికితే రెండు కార్డులు, నలభై వణికితే నాలుగు అని పట్టిక కూడా జతచేశారు. తూనికలు, కొలతల శాఖ మంచి అధికారిని పోగొట్టుకుంది.

ఆ కాగితం నేనే చదివి వినిపించాను. మా ఆడపడుచు అంది:

"ముప్పై ఏళ్లు డాక్టర్ల చీటీలు చదివి మందులిచ్చాను వదినా. ఇప్పుడు నేను చీటీ చూపించి ఆట అడుక్కోవాలా? లాంతరు పెట్టెలో ఉంది. ఖరీదు రాసి ఉంది. కొనుక్కున్నాను. వాళ్లకీ ఉంది కదా, వాళ్లెందుకు కొనుక్కోలేదు?"

నేను సమావేశాల్లో అడిగిన ప్రశ్న కంటే ఇది మంచి ప్రశ్న అని కొంచెం కడుపుమంటగా కూడా అనిపించింది.

బుధవారం మధ్యాహ్నం ముగ్గురం మా వంటింటి బల్ల దగ్గర డెక్‌లు కట్టుకుంటున్నాం. మెకానిక్ సింహాన్ని నా డెక్‌లోంచి లాగి పక్కన పెట్టాడు. మా ఆడపడుచు దాన్ని తీసి మళ్లీ నా డెక్‌లో పెట్టింది.

"సింహాన్ని తీయక్కర్లేదు. నన్ను తీసెయ్యండి."

"అదేంటత్తా!"

"నా లాంతరు కోసం మీరిద్దరూ చీకట్లో ఆడుతున్నార్రా. నాకు కనబడట్లేదనుకున్నావా? కింద వాటాలో దర్జీ ఆమె ఖాళీగానే ఉంది. ఆమె చెయ్యి బంగారం. లాంతరు అక్కర్లేదు. ఈ శనివారం ఒక్కటీ వస్తాను, మాట ఇచ్చాను కాబట్టి. లాంతరు తొమ్మిదిలోనే ఉంటే ఆపై వారం నుంచి రాను."

"ఒక ఉపాయముంది అత్తా. పెద్దమ్మా, నువ్వూ విను. ఈ శనివారం మనం కావాలని ఓడిపోదాం. ఓడితే లాంతరు ఖరీదు పడిపోతుంది. నేను రూల్సు చూశాను."

మా ఆడపడుచు వాడివైపు చూసిన చూపు, పూర్వం చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగినవారివైపు చూసే చూపు.

"ఓడిపోవడానికి నేను ఇరవై రెండు మెట్లెక్కి రావాలా? ఇంట్లో కూర్చుంటే ఓడిపోనూ?"

ఆమె టీ కప్పు అందుకుంది. సాసరు మోగింది. మా వంటింట్లో దాన్ని వినపడనట్టు ఎవరూ నటించరు. ఆ వేళ మాత్రం ముగ్గురం నటించాం. అదే నాకు కోపం తెప్పించింది.

అప్పుడు నిబంధనల పుస్తకం తీశాను. ముప్పై ఒక్క ఏళ్లు గణిత పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దిన దాన్ని, నాలుగు వారాలుగా ఆ పుస్తకం మీద కోపంతో ఊగిపోయానే గాని, దాన్ని చదవలేదు. సిగ్గుపడవలసిన విషయం. చదివాను. నాలుగో నిబంధన దగ్గర ఆగిపోయాను. ఎంత అందంగా రాశారు!

ఒక వారంలో ఒక కార్డు పెట్టుకున్న జట్లను తీసుకోవాలి. వాటిలో నూటికి అరవైకి మించి గెలిస్తే ఖరీదు రెండు పాయింట్లు పెరుగుతుంది. సరిగ్గా సగం గాని, అంతకు తక్కువ గాని గెలిస్తే ఖరీదు అచ్చులో ఉన్న అంకెకు తిరిగి వెళ్తుంది. మధ్యలో ఉంటే కదలదు. ఇందులో మనుషుల ఇష్టానిష్టాలకు తావు లేదు. కనుక కమిటీ కక్ష కట్టిందని ఇంతవరకూ నేను ధ్వనింపజేసినదంతా తప్పు. బహిరంగంగా ఉపసంహరించుకుంటున్నాను. త్రాసుగారు నిజంగానే త్రాసుగారు.

ఇప్పుడు సింహాన్ని చూడండి. నాలుగు వారాలుగా పదహారు జట్లూ సింహాన్ని పెట్టుకున్నాయి. దాని ఖరీదు పన్నెండు, ఒక్కసారి కూడా కదలలేదు. అది గొప్ప కార్డు కాదనా? కాదు. మా ఆటలో డ్రా లేదు. ప్రతి బల్ల దగ్గరా ఒక జట్టు గెలుస్తుంది, ఒకటి ఓడుతుంది. రెండింటిలోనూ సింహం ఉంటుంది. పదహారు సింహాలలో ఎనిమిది గెలుస్తాయి, ఎనిమిది ఓడుతాయి. సరిగ్గా సగం! వచ్చే వందేళ్లు ఆడినా సరిగ్గా సగమే. అందరి చేతిలోనూ ఉన్న కార్డు ఈ లెక్కకు ఎప్పటికీ దొరకదు. ఒక్కరి చేతిలోనే ఉన్న కార్డు మొదటి వారమే దొరికిపోతుంది. లాంతరు చేసిన నేరం గెలిపించడం కాదు. ఒంటరిగా ఉండటం.

ఈ దేశకాలాల్లో ఎక్కడైనా బ్యాలెన్స్ అనే మాట వినిపించినప్పుడల్లా, అందులో ఎవరు పదహారు మందో, ఎవరు ఒక్కరో చూసుకోమని పాఠకులకు నా సలహా. లెక్క తప్పని చోట కూడా మనిషి తప్పిపోవచ్చు.

మరి ఇంత చక్కని నిబంధనను నేను ఎదిరించాలా? ఛీ, ఛీ. పాటించాలి. నేనే కాదు, మనమందరమూ పాటించాలి.

కనుక మిగిలిన పదిహేను జట్ల వారూ, అధ్యక్షులవారితో సహా, ఈ మాట శ్రద్ధగా చదవండి. పెట్టె అడుగున లాంతర్లు ఇంకా చాలా ఉన్నాయి, లెక్కపెట్టి వచ్చాను. వచ్చే శనివారం మీ డెక్‌లలో తలా ఒక లాంతరు కాదు, జట్టుకు ఒక్కటి చాలు. తొమ్మిది పాయింట్లు కాస్త నొప్పిగానే ఉంటుంది, ఒక మంచి కార్డు వదులుకోవాలి. మేము ఇప్పటికే రెండు వదులుకున్నాం, ఎవరూ చావలేదు. దాన్ని వాడటం మీకు చేతకాకపోయినా ఫరవాలేదు. మీరు మామూలుగా ఎలా ఆడతారో అలాగే ఆడండి. ఓడేవారు ఓడండి, గెలిచేవారు గెలవండి. పదహారు లాంతర్లలో ఎనిమిది గెలుస్తాయి, ఎనిమిది ఓడుతాయి. నాలుగో నిబంధన ప్రకారం ఆ సాయంత్రమే కమిటీ తన చేత్తో, తన కలంతో, లాంతరు ఖరీదును ఒకటి చేసి తీరాలి. ఆపై మిగిలిన మూడు శనివారాలూ మీకు ఒక్క పాయింటే ఖర్చు.

ఒక్క జట్టు పెట్టుకోకపోయినా లెక్కకు నేను హామీ ఇవ్వలేను. ఎవరు పెట్టుకోలేదో మాత్రం డెక్‌ల పట్టికలో చూసి వచ్చే వారం ఇదే చోట అచ్చువేయిస్తాను.

నేను మిమ్మల్ని జాలి అడగడం లేదు. సర్టిఫికెట్లూ అడగడం లేదు. శనివారం మూడు గంటలకు మా ఆడపడుచు ఇరవై రెండు మెట్లూ ఎక్కి, హాలులోకి వచ్చి, ఎనిమిది బల్లల మీదికీ చూస్తుంది. మీ జట్టు లాంతరు బల్ల మీద, ఆమెకు కనబడేటట్టు, వెల్లకిలా పెట్టండి.